విమానాశ్రయముల చేరువలో మందు కొట్టు డ్రోనులు
(కాజీపల్లి రైతుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



వరికి సుడిదోమ తగిలినదనియో, ప్రత్తికి పచ్చదోమ పట్టినదనియో మీరు కబురు చేసినప్పుడు వచ్చి, మందు పేరు, మోతాదు చెప్పి పోవుట నాకు పరిపాటి. ఈ దినము మందును గురించి కాక, దానిని చల్లుటకు వచ్చిన క్రొత్త యంత్రమును గురించి, ఆ యంత్రము ఎగురు ఆకాశమును గురించి నాలుగు మాటలు చెప్పదలచినాను. పైరుల సంగతి చెప్పుకొనువానికి విమానముల గొడవ ఎందుకని మీలో కొందరు అనుకొనవచ్చును. కొంతకాలము క్రిందటి వరకు నేనును అట్లే అనుకొన్నవాడనే.

రెండు వానాకాలముల క్రిందట ఈ ప్రాంతములోనే ఒక గ్రామమున వరిపైరు మీద డ్రోను ప్రదర్శన ఏర్పాటు చేసినాను. ముప్పదిమంది రైతులు గట్టు మీద చేరినారు. యంత్రము దిగినది, డబ్బాలో మందునీళ్లు పోసినారు, బ్యాటరీ బిగించినారు. నడుపుటకు వచ్చిన అబ్బాయికి ఇరువది రెండేండ్లు ఉండునేమో. అతడు ఫోను తీసి పటము చూచి, "సార్, ఇక్కడ యంత్రం లేపనీకి రాదు. ఇది ఆకుపచ్చ జాగ కాదు" అన్నాడు. నాకు కోపము వచ్చినది. ఇంతమందిని పిలిచితిని, పది నిమిషముల పని, వరి వెన్నుల మీద ఆరడుగుల ఎత్తున పోవు యంత్రమునకు విమానములతో పనేమి అని గట్టిగానే అడిగినాను. అతడు బ్యాటరీ ఊడదీసినాడే గాని నాకు బదులు చెప్పలేదు. మేము అట్లు నిలిచియుండగానే ఒక శిక్షణ విమానము మా తలల మీదుగా, రెక్కల క్రింది రంగు గుర్తు కనబడునంత దిగువగా పోయినది. ఆ దినము తైవాన్ పంపుతోనే మందు కొట్టి చూపించినాను. గట్టు మీద కూర్చున్న ఒక పెద్దాయన, "సారు కంటె పోరడే నయం" అన్నాడు. అందరును నవ్వినారు, నేనును నవ్వితిని. పటము ముందుగా చూడవలసినవాడను నేను. చూడలేదు.

మనమున్న చోటు ఎట్టిదో ముందుగా తెలిసికొందము. కాజీపల్లికి ఒక వైపు బొల్లారము, గడ్డపోతారము కర్మాగారములు, ఇంకొక వైపు పటాన్‌చెరువు. ఇవి మీకు నేను చెప్పనక్కరలేదు, వాటి పొగ మీకు నిత్యము తెలియుచునే ఉన్నది. కాని ఇక్కడినుండి కాకి ఎగిరిన దారిన పది కిలోమీటర్ల లోపలనే దుండిగల్‌లోని వైమానిక దళ అకాడమీ ఉన్నదనుట విమానపు మ్రోత విన్నప్పుడు తప్ప మనకు గుర్తుండదు. 1967 అక్టోబరులో నాటి రాష్ట్రపతి డాక్టర్ జాకీర్ హుస్సేన్ దానికి శంకుస్థాపన చేసినారు. దేశపు వైమానిక దళమునకు రాబోవు అధికారులు అక్కడనే ఎగురుట నేర్చుకొందురు. ఇటు హకీంపేటలో హెలికాప్టరు శిక్షణ జరుగుచున్నది. బేగంపేట మూతపడినది గదా అని కొందరనుచున్నారు. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెరువగానే ప్రయాణికుల విమానములు అక్కడికి తరలిన మాట నిజమే గాని, బేగంపేట రన్‌వే నేటికిని పనిచేయుచున్నది. ప్రముఖుల విమానములు, సైనిక విమానములు అచ్చట దిగుచునే ఉన్నవి. ఇవి చాలక భానూరులో భారత్ డైనమిక్స్ కర్మాగారము, ఎద్దుమైలారములో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ ఉన్నవి. ఇన్ని ఉన్న జిల్లాలో డ్రోనును ఎక్కడ పడిన అక్కడ లేపుటకు వీలులేదు.

"మన పొలంల మనం మందు కొట్టుకుంటే విమానానికేం నొప్పి సారూ?" అని మొన్న గడ్డపోతారము రైతు ఒకరు అడిగినారు. చాలా న్యాయమైన ప్రశ్న. విమానము వేల అడుగుల ఎత్తున పోవును, మన యంత్రము పైరు మీద ఆరడుగులో పదడుగులో ఎగురును, రెండింటికి పొత్తు ఎక్కడిది?

విమానము దిగునప్పటి సంగతి చూడుడు. సామాన్యముగా అది మూడు డిగ్రీల వాలున దిగును. లెక్క కట్టినచో రన్‌వే కొసకు రెండు కిలోమీటర్ల దూరమున దాని ఎత్తు నూట ఇరువది మీటర్లు, అనగా నాలుగువందల అడుగులు మాత్రమే. ఒక కిలోమీటరు దూరమునకు వచ్చుసరికి డెబ్బది మీటర్లకు దిగును. అంత ఎత్తునకు డ్రోను నిమిషము లోపల ఎక్కగలదు. ఇది నేర్చినవాడు తిన్నగా దిగు లెక్క. దుండిగల్‌లో ఎగురువారు నేర్చుకొనుచున్నవారు. దిగబోయి మరల లేచుట, ఇంజను ఆగినట్లు భావించి దిగువకు తెచ్చుట, చుట్టు తిరిగి తిరిగి వచ్చుట వారి పాఠములు. 2013 నుండి అక్కడ ఉన్న పిలాటస్ విమానమునకు ఒకే ఇంజను, ముందు ఒకే పంకా. 2023 డిసెంబరు 4న అటువంటి విమానమొకటి తూప్రాను దగ్గర రావెల్లిలో కూలి, నేర్పువారు, నేర్చువారు ఇద్దరును మరణించినారు. ఆ ప్రమాదములో డ్రోను ప్రసక్తి ఏమియు లేదు. అయినను ఆ విమానములో ఉండువారు ఎటువంటివారో, వారికి పొరపాటున కుదుటపడు వ్యవధి ఎంత తక్కువో మనసులో పెట్టుకొనుటకే ఈ మాట చెప్పుచున్నాను.

విమానము నడుపువాడు డ్రోనును చూచి తప్పుకొనడా అని అడుగవచ్చును. దిగు వేగమున అట్టి విమానము సెకండునకు సుమారు అరువది మీటర్లు పోవును. మన మందు డ్రోను మంచమంత వెడల్పున్నను, మూడువందల మీటర్ల దూరము నుండి చూచువానికి అది చేయి చాచి పట్టుకొన్న పెసరగింజంత మాత్రమే కనబడును. పచ్చని పైరు మీద, బూడిద రంగు పెసరగింజ. దానిని కనుగొని, డ్రోనని పోల్చుకొని, ప్రక్కకు తిప్పుటకు అతనికుండునది ఐదు సెకండ్లు.

తగిలిన తరువాత మాట వేరు. పక్షి తగిలినచో మాంసము, ఈకలు చిదికిపోవును. డ్రోనులో మోటార్లు, గట్టి కడ్డీలు, ఇటుక వంటి బ్యాటరీ ఉండును. 2018లో అమెరికాలోని డేటన్ విశ్వవిద్యాలయము వారు ఒక కిలోకు కొంచెము తక్కువ తూగు బొమ్మ వంటి డ్రోనును చిన్న విమానపు రెక్క మీదికి గంటకు 238 మైళ్ల వేగమున వదలి చూచినారు. అది రెక్క ముందంచును చీల్చుకొని లోపలికి పోయి, రెక్కను మోయు దూలమును దెబ్బతీసినది. మన పది లీటర్ల మందు డ్రోను నిండుగా ఉన్నప్పుడు ఇంచుమించు ఇరువది ఐదు కిలోలు తూగును. 2025 జనవరిలో కాలిఫోర్నియాలో అడవులు తగలబడుచుండగా, నీళ్లు చల్లుటకు వచ్చిన విమానపు రెక్కకు ఎవరో వేడుక కొరకు ఎగురవేసిన చిన్న డ్రోను తగిలి రంధ్రము పడినది. విమానము క్షేమముగా దిగినది గాని, మంటలార్పు పని మాని మరమ్మతునకు పోవలసి వచ్చినది. 2018 డిసెంబరులో లండను దగ్గర గాట్విక్ విమానాశ్రయమున డ్రోనులు కనబడినవన్న మాట మీదనే సుమారు వేయి విమానములు నిలిచిపోయి, లక్షా నలుబది వేలమంది ప్రయాణికులు చిక్కుకొన్నారు. ఎగురవేసినదెవరో నేటికిని తేలలేదు.

ఇక మన యంత్రము ఎప్పుడును పైరు మీదనే ఉండునను నమ్మకము సంగతి. ఇది అన్నింటికంటె ముఖ్యమైనది గనుక కొంచెము వివరముగా చెప్పెదను.

మందు కొట్టునప్పుడు డ్రోను పైరు మీద ఒకటిన్నర మీటర్ల నుండి మూడు మీటర్ల ఎత్తున పోవుట నిజమే. అయితే బ్యాటరీ తగ్గినను, చేతిలోని రిమోటుకు డ్రోనుకు సంబంధము తెగినను, అది తనంతట తాను బయలుదేరిన చోటికి తిరిగి వచ్చునట్లు ఏర్పాటు ఉండును. తిరిగి వచ్చుటకు ముందు దారిలో చెట్టో స్తంభమో తగులకుండ, ముందుగా నిర్ణయించిన ఎత్తునకు నిటారుగా లేచును. ఆ ఎత్తు యంత్రమును అమరించినవాడు పెట్టినది. ఇరువది మీటర్లు కావచ్చును, అరువది కావచ్చును. యంత్రమును బాడుగకు తెచ్చినవాడు మరియొక చోట, పెద్ద చెట్లున్న తోటలో పని చేసి వచ్చి, ఆ ఎత్తు మార్చక మన చేలో లేపినచో ఏమగును? మడిలో పదడుగుల ఎత్తున పోవుచున్నది కాస్తా, సంకేతము తెగిన క్షణమున రెండువందల అడుగులకు లేచి నిలుచును. గట్టు మీద మనము చేతులు కట్టుకొని చూచుచుండవలసినదే.

ఇంకొకటి. డ్రోను తన ఎత్తును లేచిన చోటు నుండి కొలుచుకొనును. చెరువు కట్ట మీదనో గుట్ట మీదనో లేపి క్రింది మడుల మీదికి పంపినచో ఆ తేడా లెక్కకు రాదు. మూడవది, దిక్కు తెలుపు కంపాసు ఇనుము దగ్గర తప్పు చూపును. ట్రాక్టరు ట్రాలీ మీద నుండి, ట్రాన్స్‌ఫార్మరు ప్రక్కన, బోరుమోటరు షెడ్డు రేకుల దగ్గర లేపిన యంత్రము దారి తప్పి వంకరగా పోవుట అసంభవము కాదు. మన కాజీపల్లి చుట్టు హైటెన్షను తీగలు, ఇనుప షెడ్లు ఎన్ని ఉన్నవో మీకు తెలిసినదే. దారి తప్పిన యంత్రము విమానము దాకా పోనక్కరలేదు, ద్రావకముల పీపాలు నిలువచేసిన కర్మాగారపు ఆవరణలో పడినను చాలును. బ్యాటరీ చిట్లినచో మండుననుట మరువరాదు.

ఇప్పుడు చట్టము. మన దేశములో 2021 ఆగస్టు 25న డ్రోను నియమావళి వెలువడినది. ఆకాశమును మూడు రంగులుగా విభజించినారు. ఆకుపచ్చ మండలములో నాలుగువందల అడుగుల ఎత్తు వరకు ముందస్తు అనుమతి లేకయే ఎగురవేయవచ్చును. పసుపుపచ్చ మండలములో ఆ ప్రాంతపు విమాన నియంత్రణ అధికారుల అనుమతి కావలెను. మన వైపున ఆ అధికారులు వైమానిక దళమువారే కావచ్చును. ఎర్ర మండలములో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేక ఏ డ్రోనును లేవరాదు. విమానాశ్రయపు ప్రహరీ నుండి ఎనిమిది కిలోమీటర్లు మొదలు పన్నెండు కిలోమీటర్ల వరకు ఉన్న వలయములో రెండువందల అడుగుల లోపల ఆకుపచ్చ, ఆపైన పసుపు. ఎనిమిది కిలోమీటర్ల లోపలికి వచ్చినచో ఎత్తు ఎంత తక్కువైనను అనుమతి ప్రశ్న వచ్చును. ఈ రంగులు చూపు పటమును 2021 సెప్టెంబరు 24న డిజిటల్ స్కై అను ప్రభుత్వ వేదిక మీద పెట్టినారు. దానిని అప్పుడప్పుడు మార్చుచుందురు. కావున పోయిన యాసంగిలో చూచితిమి గదా అని ఊరకుండరాదు. లేపు దినముననే మరల చూడవలెను. అదియుగాక, అవసరము పడినప్పుడు పోలీసు అధికారులు ఒక చోటును తొంబది ఆరు గంటల వరకు తాత్కాలికముగా ఎర్ర మండలముగా ప్రకటింపవచ్చును.

మందు కొట్టు డ్రోను చిన్న తరగతిలోనికి, అనగా రెండు కిలోలకు మించి ఇరువది ఐదు కిలోల వరకు తూగు వానిలోనికి వచ్చును. దానికి వాహనము నంబరు వంటి గుర్తింపు సంఖ్య ఉండవలెను, మూడవ పక్షపు బీమా ఉండవలెను. నడుపువానికి పదునెనిమిది ఏండ్లు నిండి, పదవ తరగతి ప్యాసై, గుర్తింపు పొందిన సంస్థలో శిక్షణ పొందిన సర్టిఫికెట్టు ఉండవలెను. బాడుగకు వచ్చినవానిని ఈ మూడును చూపుమని అడుగుట మీ హక్కు. ట్రాక్టరు కిరాయికి పిలిచినప్పుడు డ్రైవరు లైసెన్సు అడుగము గదా అనకుడు. ట్రాక్టరు గట్టు దాటి ఆకాశములోనికి పోదు. నియమము తప్పినచో లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నది. సైనిక స్థావరము దగ్గర తప్పు చేసినవానికి జరిమానాతోనే తీరునని నేను చెప్పజాలను. 2021 జూను 27న జమ్మూ వైమానిక స్థావరము మీద డ్రోనులతో బాంబులు విడిచిన నాటి నుండి, స్థావరమునకు కావలి ఉన్నవారు ఆకాశములో తిరుగు ప్రతి డ్రోనును అనుమానముతోనే చూతురు. దానిలో ఉన్నది వేపనూనెయో మరియొకటియో వారికి క్రిందినుండి తెలియదు.

ఇవన్నియు చిన్న రైతుకేనా, పెద్దలకు లేవా అని అడుగువారున్నారు. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థను చూడుడు. అది అంతర్జాతీయ సంస్థ. మూడువేల ఎకరములకు పైబడిన స్వంత క్షేత్రము, చుట్టు ప్రహరీ. అయినను తమ పరిశోధన మళ్ల మీద డ్రోను ఎగురవేయుటకు వారు కేంద్ర ప్రభుత్వమును అడిగినారు. 2020 నవంబరులో షరతులతో, ఆరు నెలల గడువుతో అనుమతి లభించినది. అది 2021 నియమావళికి ముందటి మాట. అంత సంస్థయే కాగితము చేతికి వచ్చు వరకు ఆగినది.

ఇక మీ మనసులో ఉన్న మాటకు వచ్చెదను. సుడిదోమ వరి మొదళ్లలో చేరినప్పుడు నాలుగు దినములు ఆగినచో మడి మడి మంట పెట్టినట్లు ఎండును. అనుమతి అదేవారము రాదు. కూలీలు కర్మాగారములకు పోవుచున్నారు, వీపున పంపు మోయువాడు దొరకడు. చేతి పంపుతో ఎకరమునకు నూటయాబది నుండి రెండువందల లీటర్ల నీరు మోయవలెను, డ్రోనుకు పది లీటర్లు చాలును. మందు ఆవిరి పీల్చి తల తిరిగి పడినవారిని నేను చూచినాను, డ్రోను ఆ బాధ తప్పించును. మీ భూములలో కొన్ని కర్మాగారములకు పోయినవి, మిగిలిన వాటి నీరు చెడినది, ఇప్పుడు పైనున్న ఆకాశము కూడ మీది కాదనుచున్నాము. ఇది మీకు కష్టముగా తోచుట సహజము. పైరు మీద పదడుగులు మించక, తిరుగు ఎత్తు బిగించి, వైమానిక శిక్షణ లేని వేళలలో మందు కొట్టుకొనుటకు విమానక్షేత్రముల చుట్టు ఉన్న గ్రామములకు సీజనుకొక మారు సులువుగా అనుమతి దొరకు పద్ధతి రావలెనని నా స్వంత అభిప్రాయము. వ్యవసాయ శాఖవారు, వైమానిక దళమువారు కూర్చుండి మాటలాడినచో కానిపని కాదు. అయితే అది వచ్చు వరకు, రాలేదు గదా అని లేపుట మాత్రము తగదు.

చేయదగినది ఏమనగా, అనుమతికి పైరు చెడిన నాడు పోకుడు. నాట్లు పడకముందే పోవుడు. ఒక్కొక్క రైతు తన రెండెకరములకు అడుగుట కంటె, సహకార సంఘము ద్వారానో, రైతు ఉత్పత్తిదారుల సంఘము ద్వారానో, సర్వే నంబర్లు, తేదీలు, గంటలు, యంత్రపు గుర్తింపు సంఖ్య, నడుపువాని పేరు కలిపి ఒకే దరఖాస్తు చేయుట మేలు. మహిళా సంఘముల ద్వారా డ్రోను పొందిన అక్కలు తమ యంత్రమును ఏయే గ్రామములకు పంపుదురో ఆ గ్రామముల రంగు ముందే వ్రాసి పెట్టుకొనవలెను. అనుమతి రానిచో తైవాన్ పంపునకు, పవర్ స్ప్రేయరుకు ముందే బాడుగ మాట్లాడుకొనుడు. సుడిదోమ సంగతి అంటిరా, నాటునప్పుడే రెండు మీటర్లకొక కాలిబాట తీసి, మడి అప్పుడప్పుడు ఆరగట్టి, యూరియా అదుపున వేసినచో సగము పిచికారీ తప్పును. బాటలు తీసిన మడిలో చేతి పంపు కూడ మొదళ్లకు అందును. డ్రోను మందు పైనుండి పడును గనుక, మొదళ్లలో దాగిన పురుగునకు బాటలున్న మడిలోనే బాగుగా పనిచేయుననుట కూడ గుర్తుంచుకొనుడు.

ఆకుపచ్చ మండలములో పొలమున్నవారు, అనుమతి చేతికి వచ్చినవారు యంత్రము లేపుటకు ముందు నడుపువానిని "తిరుగు ఎత్తు ఎంత పెట్టినావు?" అని అడుగుడు. చేలోని ఎత్తైన చెట్టు కంటె కొద్దిగా పైకి ఉన్నచో చాలును. ఇనుమునకు దూరముగా, ఖాళీ మడిలో లేపించుడు. విమానమో హెలికాప్టరో మ్రోత వినబడినచో వెంటనే దింపించుడు, అది పోయిన తరువాత మరల లేపవచ్చును. గాలి వీచునప్పుడు వలదు. ప్రక్క మడిలో కూరగాయలు, పట్టుపురుగుల మల్బరీ ఉన్నచో అసలే వలదు.

పెండ్లిండ్లలో ఫొటోలు తీయు చిన్న డ్రోనుల మాట కొందరడిగినారు. పావుకిలో కన్న తక్కువ తూగు యంత్రమునకైనను ఎర్ర, పసుపు మండలముల నియమము ఒకటే. ఊరేగింపు మీద లేచినది గాలికి కొట్టుకొని ఎంత ఎత్తుకు పోవునో ఫొటోలు తీయువానికే తెలియదు. పిల్లలకు ముందే చెప్పి ఉంచుడు.

డ్రోనుకు సంబంధము లేనిదే అయినను విమానములకు సంబంధించిన మాట ఇంకొకటి ఉన్నది. కోళ్ల ఫారములున్నవారు చచ్చిన కోళ్లను బయట పారవేయుచున్నారు. గ్రద్దలు దానికే చేరును, గ్రద్ద తగిలినను విమానమునకు ఆపదయే. విమానక్షేత్రమునకు పది కిలోమీటర్ల లోపల చెత్త, మాంసపు వ్యర్థములు పక్షులు చేరునట్లు వేయరాదని డ్రోనులు పుట్టకముందు నుండియే నిబంధన ఉన్నది. గుంట తీసి సున్నము చల్లి పూడ్చుడు.

సభ అయిన తరువాత ఆ వేపచెట్టు క్రింద కూర్చుందును. మీ పాసుపుస్తకములోని సర్వే నంబరుతో వచ్చినచో, మీ చేను ఏ రంగులో ఉన్నదో ఫోనులో పటము తెరచి చూపెదను. ఈ మారు ప్రదర్శనకు ముందే చూచుకొని వచ్చినాను. ఇప్పుడు మనము కూర్చున్న ఈ చోటు ఆకుపచ్చ కాదు, కావుననే నేడు యంత్రమును వెంట తేలేదు.